తప్పు చదివే హక్కు

పదకొండేళ్లు మేం వేరే ఎవరి గోరీకో పూలు పెట్టాం.

షబే బరాత్ రాత్రి మా ఊరి ఖబరస్తాన్‌కి వెళ్లి, పిచ్చిమొక్కలు పీకి, గోరీ మీద నీళ్లు చల్లి, గులాబీ రేకులు పరిచి, ఊదొత్తులు గుచ్చి ఫాతెహా చదవడం మా ఇంటి ఆనవాయితీ. మా దాదా పోయేనాటికి మేం చిన్నపిల్లలం. ఆయన గోరీ ఏదో చూపించే పెద్దనాన్న కూడా పోయాక, వేపచెట్టుకి ఎడం పక్క, ఉర్దూ అక్షరాలు చెక్కిన నాపరాయి ఉన్నదే దాదాది అని గుర్తుపెట్టుకున్నాం. ఏటా అక్కడే నిలబడ్డాం. అక్కడే చేతులెత్తాం. ఒక ఏడాది పక్క గోరీ దగ్గరికొచ్చిన మదరసా పిల్లాడు, పన్నెండేళ్లుంటాయేమో, టార్చిలైటు వేసి ఆ రాయి చదివాడు. "భాయ్, ఇది మీ దాదాది కాదు" అన్నాడు. పేరులో ఒక్క అక్షరం తేడా. హసన్‌కీ హుసేన్‌కీ మధ్య ఉన్నంత తేడా. తండ్రి పేరు మాత్రం మొత్తమే వేరు.

మేం ముగ్గురం అన్నదమ్ముల బిడ్డలం. ఒకడు బడిపంతులు. ఒకడు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. మా ఆపా బట్టలు కుడుతుంది. ముగ్గురం తెలుగులో చదువుకున్నాం, తెలుగులో ఉత్తరాలు రాశాం, తెలుగులో పోట్లాడుకున్నాం. ఆ రాత్రి ఖబరస్తాన్ నించి ఇంటికొచ్చి, హల్వా కలుపుతున్న ఆపాకి సంగతి చెప్తే ముందు నవ్వింది. తర్వాత గరిటె పక్కన పెట్టి ఏడ్చింది.

మర్నాడు మసీదులో హజ్రత్‌ని అడిగాం. మా పదకొండేళ్ల ఫాతెహాలు ఎవరికి పోయినట్టు? ఆయన గడ్డం నిమురుకుంటూ, "దువా మీరు రాసిన అడ్రసు చూసుకుని పోదురా, అల్లాకి తెలుసు ఎవరికి చేర్చాలో" అన్నాడు. మనసు కుదుటపడింది. కానీ సిగ్గు పోలేదు. చదువురాని మా దాదీ వేలిముద్ర వేసేది. డిగ్రీలున్న మేం మా దాదా పేరు దగ్గర వేలిముద్రగాళ్లమయ్యాం.

అట్లా మొదలైంది మా ఉర్దూ చదువు. దాన్ని రికార్డు చేసి నలుగురికీ వినిపించడం తర్వాత మొదలైంది. అసలు గొడవంతా ఈ రెండోదాని దగ్గరే వచ్చింది. ఈ వ్యాసం ఆ గొడవ గురించే.

*

ముందు మా నోటి సంగతి చెప్పాలి. మా ఇంట్లో పెద్దవాళ్లు తురకం మాట్లాడతారు. మేం తెలుగులో జవాబిస్తాం. మా తురకంలో "నక్కో" ఉంటుంది, "హౌ" ఉంటుంది, "లోగాఁ", "బాతాఁ" ఉంటాయి, సగం తెలుగు మాటలుంటాయి. హైదరాబాదు బంధువులు మా మాట విని నవ్వుతారు. అక్కడివాళ్ల మాట విని లక్నో వాళ్లు నవ్వుతారట. ఇటు బజార్లో, బళ్లో, ఆఫీసులో ఇంకో రకం పరీక్ష. "మీరు ముస్లిమ్సా? తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారండీ!" అంటారు. ఈ మాట మెచ్చుకోలుగానే అంటారు. మేమూ పళ్లికిలిస్తాం. మా తల్లి పాలతోపాటు వచ్చిన భాషకి మాకు మార్కులు వెయ్యడం ఏంటని ఒక్కనాడూ అడగలేదు.

ఈ నేల మీద తెలుగు మాది కాదని ఎవరనగలరు? పిఠాపురం ఉమర్ అలీషా తెలుగు పద్యం చెప్పాడు. పొన్నెకల్లు షేక్ నాజర్ బుర్రకథతో ఊళ్లకి ఊళ్లని కూర్చోబెట్టాడు. కరవది నించి వెళ్లిన షేక్ చిన మౌలానా నాదస్వరం శ్రీరంగంలో మోగింది. అటు నించి చూస్తే, ఖురాన్‌ని తెలుగులోకి తెచ్చినవాళ్లలో చిలుకూరి నారాయణరావు ఉన్నాడు. ఇచ్చిపుచ్చుకోవడం అంతా ఇట్లా జరిగింది. అయినా మా నోట్లో రెండు భాషలుంటే రెండూ పరాయివే అన్నట్టు మమ్మల్ని నిలబెట్టారు.

మేం ఎగతాళి పడే ఆ తురకానికి కూడా చరిత్ర ఉందని మాకు ఆలస్యంగా తెలిసింది. 1591లో హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం రాసింది ఆ దక్కనీలోనే. రాజు రాస్తే దీవాన్ అయింది. మా దాదీ మాట్లాడితే మొరటు అయింది.

*

మా ఊళ్లో రిటైరైన ఉర్దూ మాస్టారొకరున్నారు. ఇషా నమాజు తర్వాత ఆపా టైలరింగ్ షాపు వెనక గదిలో ఆయన దగ్గర కూర్చున్నాం. అలీఫ్, బే, పే. నలభైకి దగ్గరపడుతున్న వయసులో పలక పట్టాం.

మాకు అక్షరాలు అసలు రావని కాదు. చిన్నప్పుడు ఖురాన్ చదివాం. అరబ్బీ అక్షరం మీద జబర్ ఉంటే అ, కింద జేర్ ఉంటే ఇ, పైన పేష్ ఉంటే ఉ. గుర్తు చూసి నోరు తిప్పితే చాలు, అర్థం తెలియకపోయినా గడగడా చదివెయ్యొచ్చు. ఉర్దూ అట్లా కాదు. అక్షరాలు ఏటవాలుగా ఒకదాని మీదికి ఒకటి జారుతుంటాయి. జబర్, జేర్, పేష్ మామూలుగా రాయరు. మాట ముందే తెలిసినవాడికి గుర్తులు అక్కర్లేదు. తెలియనివాడికి తలుపు తెరుచుకోదు.

మాస్టారు రెండో వారంలో అలీఫ్, సీన్ కలిపి రాసి చదవమన్నారు. ఒకరం "ఇస్" అన్నాం. ఒకరం "ఉస్" అన్నాం. ఇస్ అంటే ఇతన్ని, ఉస్ అంటే అతన్ని. "రెండూ రైటే. ముందూ వెనకా చూస్తే గానీ ఏదో తెలీదు" అన్నారాయన. మేం ముఖాలు చూసుకున్నాం. దగ్గరివాడూ దూరపువాడూ ఒకటే రాత! వాణ్ణి ఇవతలివాడుగా చదవడమా, అవతలివాడుగా చదవడమా అన్నది చదివేవాడి చేతిలో ఉంది. ఈ దేశంలో మమ్మల్ని చదివేది కూడా ఇట్లాగే కదా అనిపించింది.

మాస్టారే ఒక సలహా ఇచ్చారు. మీ తప్పు మీ చెవికి వినపడదు, ఫోన్లో రికార్డు చేసుకుని మళ్లీ వినండి అని. విన్నాం. నవ్వుకున్నాం. సిగ్గుపడ్డాం. మళ్లీ విన్నాం. సెల్‌ఫోన్ల షాపు మావాడు అన్నాడు: దీన్నే పాడ్‌కాస్ట్ అంటారు, అందరూ వినేట్టు పెడదాం, మనలాంటివాళ్లు ఎంతమంది లేరు అని.

ఆ మాట ఎక్కడిదో కూడా వాడే చెప్పాడు. 2001లో ఐపాడ్ అని జేబులో పాటలు పెట్టుకునే చిన్న యంత్రం వచ్చింది. 2004లో దాని పేరు నించి ఈ మాట పుట్టింది. 2022లో ఆ యంత్రం తయారీ ఆపేశారు. యంత్రం పోయింది, పేరు ఉండిపోయింది. మాకు వెంటనే దూదేకుల వీధి గుర్తొచ్చింది. దూదిని ఏకే విల్లు ఎప్పుడో అటక మీంచి కూడా పోయింది. పింజారి అనే పేరు మాత్రం తిట్టుగా మిగిలింది. ఆ తిట్టునే తన ఆత్మకథకి పేరుగా పెట్టుకున్నాడు నాజర్. అంత గుండె మాకెక్కడిది?

గది నిండా బట్ట ముక్కలు, రవికల మూటలు. అందుకని గొంతు గింగురుమనకుండా చక్కగా పడేది. మిషను ఆపేవాళ్లం, ఫ్యాను ఆపేవాళ్లం, చెమటలు కక్కుకుంటూ మాట్లాడేవాళ్లం. మొదటి తగువు పేరు మీదే. రోజూ చెప్పే పాఠాన్ని సబక్ అంటారు. చివరి అక్షరం ఖాఫ్ అంటాం మేం. పుస్తకం ప్రకారం అది గొంతు లోపల్నించి వచ్చే "క". మేమూ, హైదరాబాదువాళ్లూ దాన్ని "ఖ" చేసేస్తాం. సబక్ అందామా, సబఖ్ అందామా? మాస్టారు నవ్వి, మీ నోటికి వచ్చిందే పెట్టుకోండి, నేర్చుకునేవాళ్లు కదా అన్నారు. సబఖ్ అనే పెట్టాం. పేరులోనే తప్పుతో బయల్దేరాం.

*

ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. నేర్చుకుంటున్నవాడు నలుగురి ముందు నోరు తెరవొచ్చా?

హజ్రత్ ఒప్పుకోలేదు. సగం హకీము ప్రాణానికి చేటు, సగం ముల్లా ఈమాన్‌కి చేటు అని ఉర్దూలో సామెత ఉంది. అది చెప్పాడు. ముందు నేర్చుకోండి, తర్వాత మాట్లాడండి అన్నాడు. మసీదు కమిటీలో ఒక చచ్చా ఇంకో మాటన్నాడు: "మన అజ్ఞానం మనింట్లో ఉండనివ్వండిరా. బయటివాళ్లకి ఎందుకు వినిపిస్తారు? అసలే రోజులు బాగాలేవు." ఇంకొందరు, ఆడపిల్ల గొంతు పరాయి మగాళ్ల చెవిన పడటమేంటన్నారు. లౌకికవాది అయిన మా మిత్రుడొకాయన, మేం చాలా గౌరవించే మనిషి, వేరే బాధ పడ్డాడు: "మీరు ముందుకు పోవాల్సినవాళ్లు. మళ్లీ ఉర్దూ, అలీఫ్, బే అంటూ వెనక్కి పోతారేంటి?"

ఈ నాలుగు మాటల్లో దేన్నీ కొట్టిపారెయ్యలేం. ప్రతిదాంట్లోనూ కొంత నిజం ఉంది.

ఆడగొంతు సంగతికి ఆపాయే జవాబు చెప్పింది. మన తల్లి హజ్రత్ ఆయిషా పేరు మీద రెండు వేలకు పైగా హదీసులు చెబుతారు, ఆ చదువు మగవాళ్లకి ఎట్లా చేరింది, ఆమె గొంతు వినకుండానేనా అంది. చచ్చా తల గోక్కున్నాడు. ఆ మాట మళ్లీ మా ముందు ఎవరూ అనలేదు. వెనక అన్నారేమో తెలీదు.

వెనక్కి పోతున్నారన్న మిత్రుడికి మేం చెప్పింది ఒక్కటే. మీ తాత సమాధి మీద పేరు మీరు చదవగలరు. మాకు చదవడం రాలేదు. చదవగలిగినవాడు దాన్ని ముందు అనుకుంటాడా వెనక అనుకుంటాడా అన్నది తర్వాతి సంగతి. అసలు చదవలేనివాడికి ఆ ఎంపికే లేదు.

మా లోపల మేమే వేసుకున్న ప్రశ్న ఒకటి ఉంది. అది వీటన్నిటికంటే గట్టిది. దాన్ని మావాళ్లు రియా అంటారు. చేసే మంచిపని నలుగురు చూడాలని చెయ్యడం. నమాజులో కూడా రియా జొరబడితే ఆ నమాజు పాడైనట్టే. మరి మా చదువు? మేం నేర్చుకోవడానికి మాట్లాడుతున్నామా, మేం నేర్చుకుంటున్నామని అందరూ చూడాలని మాట్లాడుతున్నామా? ఎంతమంది విన్నారో ఫోను లెక్క చూపిస్తుంది. ముప్పై ఆరు మంది అని ఉన్న రోజు ఉత్సాహంగా అక్షరాలు దిద్దాం. తొమ్మిది మంది అని ఉన్న రోజు బద్ధకించాం. అప్పుడే భయమేసింది. తెలివి చూపించుకోవడం గర్వం అని అందరికీ తెలుసు. తెలియనితనాన్ని చూపించుకోవడంలో కూడా గర్వం ఉంటుందని మాకప్పుడు తెలిసింది. "చూడండి మేమెంత నిజాయితీపరులమో" అనే గర్వం. దీనికి మా దగ్గర పూర్తి మందు లేదు. లెక్క చూడటం మానేశాం. ఆ పని ఇంట్లో ఉర్దూ ధ్యాస లేని మా తమ్ముడొకడికి అప్పగించాం. అంతవరకే చెయ్యగలిగాం.

*

హజ్రత్ చెప్పిన సామెత నిజమైంది. మొదటి భాగంలోనే పెద్ద తప్పు చేశాం. అది అక్షరం తప్పు కాదు. "ముసల్మానులమైన మన అందరి మాతృభాష ఉర్దూ" అనేశాం, ఎంతో ఆవేశంగా. నూర్‌బాషా కులానికి చెందిన ఒక పెద్దాయన ఫోను చేశాడు. కోప్పడలేదు. మెల్లిగా అడిగాడు. "బాబూ, మా ఇళ్లల్లో ఏడు తరాల్నించీ తెలుగే. మా అమ్మ దువా కూడా తెలుగులోనే అడిగేది. ఉర్దూ రాదని మీ షేకులు, సయ్యదులు మాకు పిల్లనివ్వరు, మమ్మల్ని సగం తురకలంటారు. ఇప్పుడు మీరూ అదే మాట మిషను పెట్టి చెబుతున్నారా?"

మా నోట మాట రాలేదు. మమ్మల్ని ఎవరో పరీక్ష పెడుతున్నారని ఏడ్చే మేం, మాకంటే కింద ఉన్నారనుకున్నవాళ్లకి అదే పరీక్ష పెట్టాం. మా తెలుగుకి మార్కులు వేసినవాడి కుర్చీలోనే కూర్చుని ఆయన ఈమాన్‌కి మార్కులు వేశాం.

ఆ భాగం తీసేద్దామనుకున్నాం. చిటికెలో పని. ఎవరికీ తెలీదు కూడా. ఆపా వద్దంది. "కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుడతాం. రవికని పెరట్లో పాతిపెట్టం కదా" అంది. ఆ భాగాన్ని అట్లాగే ఉంచి, తర్వాతి దాంట్లో ఆయన మాటలు ఆయన గొంతుతోనే వినిపించి, క్షమాపణ చెప్పుకున్నాం. ఆ రోజు నించి మా మాట మార్చుకున్నాం. ఉర్దూ మా ఇంట్లో పోయిన వస్తువు, అందుకని వెతుక్కుంటున్నాం, అది ముసల్మానుతనానికి కొలత కాదు అని.

ఇంకో దెబ్బ బయటి నించి తగిలింది. ఏడో భాగంలో మావాడొకడు మాస్టారిని ఒక అనుమానం అడిగాడు. "చిన్నప్పట్నించీ అర్థం తెలియకుండానే ఖురాన్ చదువుతున్నాం కదా సార్, అది చదువేనా?" అని. మాస్టారు దానికి పావుగంట జవాబు చెప్పారు. ఎవరో ఆ జవాబు కత్తిరించి, ఇరవై సెకన్ల ప్రశ్న మాత్రం ఫోన్లలో తిప్పారు. ఒక గుంపులో అది "చూడండి, వీళ్లకే అర్థం తెలీదంట" అయింది. ఇంకో గుంపులో "చూడండి, మనవాడే ఖురాన్‌ని కించపరుస్తున్నాడు" అయింది. ఒకరినొకరు ద్వేషించుకునే రెండు గుంపులకి ఒకే ముక్క పనికొచ్చింది. మావాడి షాపుకి వారంపాటు బేరాలు లేవు. ఒక రాత్రి షట్టరు మీద ఏదో రాశారు. తెల్లవారకముందే తుడిచేశాం, కాబట్టి ఏం రాశారో ఇక్కడ చెప్పం. అన్ని భాగాలూ ఆపేసి పదకొండు రోజులు నోరు మూసుకున్నాం.

ఆ పదకొండు రోజుల్లో ఆలోచించిన సంగతులే ఇక్కడ చెప్పదలుచుకున్నవి.

*

మెజారిటీ ఇంట్లో పుట్టిన కుర్రాడు గాయత్రీ మంత్రం తప్పు చదివితే ఆ తప్పు వాడిది. వాళ్లమ్మ నవ్వుతుంది, పక్కింటాయన సరిచేస్తాడు, అయిపోతుంది. మా కుర్రాడు తప్పు మాట్లాడితే అది మా అందరిదీ అవుతుంది. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిపోయింది మావాళ్లు. అనుమానం మీద పట్టుకెళ్లిందీ మా కుర్రాళ్లనే. తర్వాత వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. పోయిన ఏళ్లు బయటికి రాలేదు. 2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్‌లో తబ్లీగీ సమావేశం సంగతి పేపర్లకెక్కాక, ఇక్కడ మా ఊళ్లో అరటిపళ్లు అమ్ముకునే మామూ బండి దగ్గర నెలరోజులు ఎవరూ ఆగలేదు. ఆయన ఢిల్లీ ఎప్పుడూ చూడలేదు.

ఇట్లా బతికేవాళ్లు ఏం చేస్తారు? నోరు జాగ్రత్త పెట్టుకుంటారు. తెలియంది తెలిసినట్టు ఉంటారు, లేకపోతే అసలు మాట్లాడకుండా ఉంటారు. మా చచ్చా చెప్పింది పిరికి మాట కాదు. అది మా తరతరాల అనుభవం. తప్పు చెయ్యడానికి ఖర్చు అందరికీ ఒకటి కాదు. మీకు రూపాయి అయ్యే తప్పు మాకు వంద అవుతుంది.

కానీ తప్పు చెయ్యకుండా నేర్చుకోవడం ఎట్లా? తప్పు చదివే హక్కు లేనివాడికి చదువుకునే హక్కు కాగితం మీదే ఉన్నట్టు. ముస్లింలకి బళ్లు లేవా, స్కాలర్‌షిప్పులు లేవా, 2007 నించి నాలుగు శాతం రిజర్వేషన్ లేదా అని అడుగుతారు. ఉన్నాయి. వాటి కోసం పోరాడినవాళ్లకి దండం. కానీ బళ్లో చేతులెత్తి "నాకు తెలీదు సార్" అనగలిగే ధైర్యం ఏ జీవోతోనూ రాదు. ఆ మాటకి క్లాసంతా తన జాతిని చూసి నవ్వదు అనే నమ్మకం ఉంటేనే వస్తుంది.

లౌకిక మిత్రులకి ఒక మాట. మీరు మాకు రెండు కుర్చీలు వేశారు. ఒకటి ఇస్లాం గురించి అన్నీ తెలిసినవాడి కుర్చీ. బురఖా ఎందుకు, తలాక్ ఎందుకు, ఆ దేశంలో అది ఎందుకు జరిగింది, అన్నిటికీ మేమే జవాబు చెప్పాలి. రెండోది మతాన్ని దాటి వచ్చేసిన మంచి ముస్లిం కుర్చీ. అందులో కూర్చుంటే చప్పట్లు కొడతారు. ఈ రెండింటి మధ్య నేల మీద చాప వేసుకుని, పలక పట్టుకుని కూర్చున్న మనిషి మీకు కనపడడు. మాలో ఎక్కువమంది అక్కడే ఉన్నాం.

మా పెద్దలకీ ఒక మాట. తెలియదనడం మన సంప్రదాయానికి కొత్త కాదు. మదీనాలో ఇమామ్ మాలిక్‌ని ఒకసారి 48 ప్రశ్నలు అడిగితే 32 ప్రశ్నలకి "నాకు తెలీదు" అని చెప్పాడంటారు. అంతటివాడు! హదీసు చెప్పేటప్పుడు ఎవరి దగ్గర విన్నాం, ఆయన ఎవరి దగ్గర విన్నాడు అని గొలుసు చెప్పనిదే ఒకప్పుడు పండితులు ఒప్పుకునేవాళ్లు కాదు. అంటే ఏం నేర్చుకున్నాం అన్నదే కాదు, ఎట్లా నేర్చుకున్నాం అన్నది కూడా చదువులో భాగమే. మేం సెల్‌ఫోను ముందు చేస్తున్నది అంతకంటే గొప్పదేం కాదు. ఫలానా మాస్టారి దగ్గర ఇది విన్నాం, ఇట్లా పలికాం, ఇక్కడ తప్పాం అని గొలుసు చెప్పుకోవడమే.

ఇంకో సంగతి. ఖురాన్ పాత ప్రతుల్లో ఇప్పుడున్నట్టు జబర్, జేర్, పేష్ గుర్తులు లేవు. అరబ్బులకి అవి అక్కర్లేదు, అది వాళ్ల నోటి మాట. ఇస్లాం అరబ్బు నేల దాటాక కొత్తగా చేరినవాళ్లు తప్పులు చదవసాగారు. అబుల్ అస్వద్ అద్దుఅలీ అనే పండితుడు ఎవరో ఒక ఆయత్‌ని అర్థం తిరగబడేట్టు చదవడం విని, గుర్తులు పెట్టే పనికి పూనుకున్నాడని చెబుతారు. మా మాస్టారు ఇది చెప్పిన రోజు మాకు నిద్ర పట్టలేదు. మా చిన్నప్పుడు వేలు పెట్టి చదివిన ఆ గీతలన్నీ ఎవరివి? మాలాంటివాళ్లవే. పరాయి నోళ్లతో తప్పు చదివినవాళ్ల వల్ల వచ్చినవి. ఆ మనిషి భయపడి లోలోపల గొణుక్కుని ఉంటే, ఆ పండితుడి చెవిన ఏం పడేది? తప్పు గట్టిగా చదివాడు కాబట్టే తర్వాతవాళ్లకి దారి పడింది.

అందుకని హజ్రత్ సామెతని మేం కాదనం. సగం ముల్లా ప్రమాదమే. అయితే వాడి ప్రమాదం సగం తెలియడంలో లేదు. మొత్తం తెలిసినట్టు కూర్చోవడంలో ఉంది. సగమే వచ్చని చెప్పుకుని, సరిచేసేవాడికి చోటు వదిలిపెట్టి మాట్లాడేవాడు ముల్లా కాడు, శిష్యుడు.

పన్నెండో రోజు మళ్లీ కూర్చున్నాం. ఏడో భాగాన్ని ముక్క కొయ్యకుండా, మాస్టారి పావుగంట జవాబుతో సహా మళ్లీ పెట్టాం. మాకు మేం నాలుగు షరతులు పెట్టుకున్నాం. ఎవరి దగ్గర నేర్చుకున్నామో మొదట చెప్పాలి. ఇది హరామ్, ఇది హలాల్ అని తీర్పులు చెప్పకూడదు. తప్పు బయటపడితే దాన్ని తీసెయ్యకుండా, పక్కనే సరైనది పెట్టాలి. మా తప్పు ఎవరినైనా నొప్పిస్తే, నేర్చుకుంటున్నవాళ్లం కదా అని తప్పించుకోకూడదు. నూర్‌బాషా పెద్దాయన దగ్గర నేర్చుకున్నది ఈ చివరిది. తప్పు చదివే హక్కు ఉంది. ఆ తప్పుతో పక్కవాణ్ణి తొక్కే హక్కు లేదు.

హజ్రత్ ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ వింటున్నాడు. ఎట్లా తెలుసంటే, పోయిన నెల జుమా తర్వాత పిలిచి, "ఆ 'ఐన్' అక్షరం ముగ్గురికి ముగ్గురూ తప్పే పలుకుతున్నారు" అని కోప్పడ్డాడు.

*

ఈ ఏడాది షబే బరాత్‌కి మేమిద్దరం ఖబరస్తాన్‌కి పోయాం. ఆపా గేటు బయట నిలబడింది. ఒక్కొక్క రాయి దగ్గరా ఫోను లైటు వేసి కూడబలుక్కుని చదివాం. దాదా గోరీ దొరికింది. వేపచెట్టుకి ఎడం పక్క కాదు, కుడి పక్క, మూడో వరసలో. రాయి సగం భూమిలో కూరుకుపోయింది. మట్టి తీసి, నీళ్లు పోసి కడిగి, పేరు చదివాం. ఈసారి ఇద్దరం ఒకేలా చదివాం.

పూలు రెండు గోరీల మీదా పెట్టాం. ఆ వేరే ఆయన ఎవరో, ఆయన బిడ్డలు ఏ ఊరు పోయారో కనుక్కుందామని చూశాం. తెలియలేదు. పదకొండేళ్లు మా దువా తీసుకున్న మనిషి ఇప్పుడు పరాయివాడెట్లా అవుతాడు? మేం ఆయన్ని తప్పు చదివాం. ఆ తప్పు వల్లనే ఆయన మాకు దాదా అయ్యాడు.

దాదా రాయి మీద పేరు కింద తండ్రి పేరు, దాని కింద హిజ్రీ సంవత్సరం ఉన్నాయి. అన్నిటికంటే కింద ఇంకో చిన్న పంక్తి ఉంది. సగం చెరిగిపోయింది. ఎంతసేపు చూసినా చదవలేకపోయాం. ఫోను దగ్గర పెట్టుకుని, ఈ పంక్తి మాకు రాలేదు, తెలిసినవాళ్లెవరైనా చెప్పండి అని రికార్డు చేసుకుని ఇంటికొచ్చాం.